ఎవరి చేతిలో కెమెరా? క్యూబా డాక్యుమెంటరీలు - మన ప్రశ్నలు

విప్లవం వస్తే కులం దానంతటదే పోతుందన్న మాటను దళిత ఉద్యమం నమ్మలేదు. అదే ప్రశ్నను లైంగికత విషయంలో వేసుకోవడానికి క్యూబా మీద వచ్చిన డాక్యుమెంటరీలు పనికొస్తాయని మేం అనుకుంటున్నాం.

క్యూబాలో 1959లో విప్లవం గెలిచింది. 1965-68 మధ్య అదే ప్రభుత్వం స్వలింగ ప్రేమికులను, కొందరు మతవిశ్వాసులను 'ఉత్పత్తికి తోడ్పడే సైనిక విభాగాలు' అనే శ్రమశిబిరాలకు పంపింది. నెస్టర్ అల్మెండ్రోస్, ఒర్లాండో హిమెనెజ్ లేయల్ 1984లో ప్రవాసుల సాక్ష్యాలతో 'అనుచిత ప్రవర్తన' తీశారు. అది విప్లవ వ్యతిరేక ప్రచారమని కొట్టేసినవాళ్లున్నారు. అయితే 2010లో ఫిడెల్ కాస్ట్రోనే ఒక పత్రికతో మాట్లాడుతూ ఆ అన్యాయానికి బాధ్యత తనదేనన్నాడు. ఉద్యమానికి చెడ్డపేరొస్తుందని సాక్ష్యాన్ని తొక్కిపెడితే ఏమవుతుందో దీన్ని బట్టి తెలుస్తుంది.

1996లో వచ్చిన 'పరంజా మీద సీతాకోకచిలుకలు' దారి వేరు. హవానా శివారులో లా గ్వినెరా అనే పేదవాడ ఉంది. అక్కడ ఆడవాళ్లు ముందుండి ఇళ్లు కట్టుకున్నారు. ఆ భవన కార్మికుల భోజనశాలలోనే ఆడవేషం కట్టే మగవాళ్లు ఆడిపాడారు. మొదట సందేహించినవాళ్లు గూడా తర్వాత వాళ్లను తమవాళ్లనుకున్నారు. ఇందులో మాట్లాడేది పండితులు కాదు, కూలీలూ కళాకారులూ. 2022 సెప్టెంబరు 25న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో స్వలింగ వివాహాన్ని ఒప్పుకునే కుటుంబ చట్టానికి సుమారు 67 శాతం మంది ఓటేశారు.

ఇదంతా మనకెందుకు? 1871లో బ్రిటిష్ వాళ్లు తెచ్చిన చట్టం పేరులోనే నేరస్త తెగలు, నపుంసకులు పక్కపక్కన ఉన్నారు. పుట్టుకనే నేరం చేసి రిజిస్టరులో రాసే పద్ధతి ఇద్దరికీ ఒకటే. 1911 చట్టంతో తెగల మీది నిఘా మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. మన అల్లూరుకు దగ్గర్లోని కావలిలో ఎరుకలవాళ్లను మిషనరీల అజమాయిషీలో సెటిల్‌మెంటులో పెట్టారు. నైజాంలో 1329 ఫసలీ (1919) చట్టం ప్రకారం హిజ్రాలు ఆడవేషంలో వీధిలో కనబడినా, ఆడిపాడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు. వైజయంతి వసంత మొగ్లి తదితరులు 2018లో కోర్టుకెక్కితే, 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది.

కాబట్టి ఎరుకల అస్తిత్వం, హిజ్రా అస్తిత్వం వేరువేరు గొడవలు కావు. రెంటి మీదా రాజ్యం వేసిన ముద్ర ఒకటే.

అల్లూరు లాంటి చోట ఈ చిత్రాలు చూపించదలచిన మిత్రులకు ఒక సూచన. భాష స్పానిష్ కాబట్టి మధ్యమధ్యలో ఆపి తెలుగులో చెప్పాలి. చర్చకు హిజ్రాలను పిలవాలి, ముందు వాళ్లనే మాట్లాడనివ్వాలి. మన కులాల పేర్లను తిట్లుగా వాడొద్దని పోరాడినవాళ్లం మనం. చేతగాని నాయకుణ్ణి తిట్టడానికి మన సభల్లోనే 'కొజ్జా' అనే మాట ఇంకా వినబడుతుంటే, అది ఎవరి భాష అని అడగాల్సింది గూడా మనమే.