ఓడ కోసం కరిగే జింకు

1763లో వెస్టిండీస్ నుంచి తిరిగొచ్చిన ‘అలారం’ అనే బ్రిటిష్ యుద్ధనౌక అడుగును పరీక్షిస్తే ఒక వింత బయటపడింది. ఓడపురుగులు కొయ్యను తొలచకుండా రెండేళ్ల కిందట దానికి రాగిరేకులు తొడిగారు. రేకులు బాగానే ఉన్నాయి. వాటిని పట్టి ఉంచాల్సిన ఇనుప మేకులే చాలాచోట్ల తుప్పుకు కరిగిపోయాయి. కొన్ని మేకులు మాత్రం చెక్కుచెదరలేదు. రేకులు చుట్టి వచ్చిన గోధుమరంగు కాగితాన్ని అక్కడ ఊడదీయకుండా వదిలేశారు. రాగికీ ఇనుముకీ మధ్య అది అడ్డుపడింది. ఎవరి బద్ధకమో గానీ, మంచి పాఠమే చెప్పింది.

ఉప్పునీళ్లలో రెండు రకాల లోహాలు తగులుకుంటే అదొక బ్యాటరీ. రెండింట్లో చురుకైనది ఎలక్ట్రాన్లు వదులుకుంటూ కరిగిపోతుంది, రెండోది నిక్షేపంగా ఉంటుంది. బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ 1824లో దీన్నే ఉపాయంగా మార్చాడు. రాగికి కావాలనే ఇనుమునో జింకునో తగిలిస్తే కరగాల్సింది అదే కరుగుతుంది, రాగి మిగులుతుంది అన్నాడు. మన కొచ్చిన్‌లో కట్టిన ‘సమరాంగ్’ ఓడకు పోత ఇనుప ముక్కలు బిగించి అట్లాంటిక్ దాటించారు. రాగి నిలిచింది. కానీ ఓడ అడుగున నాచూ, బార్నకిల్స్ అనే అతుక్కుపోయే గుల్లజీవులూ అట్టలు కట్టాయి. కొద్దికొద్దిగా నీళ్లలో కరిగే రాగే అంతవరకూ వాటికి విషం. అది కరగడం మానేస్తే వాటికిక భయమేముంది? ఆపరేషన్ సక్సెస్, రోగి మృతి. నౌకాదళం ఆ ముక్కల్ని పీకించేసింది.

ఉక్కు ఓడలొచ్చాక ఈ ఆలోచనకు మళ్లీ ప్రాణం వచ్చింది. బార్నకిల్స్ సంగతి విషపు రంగులు చూసుకుంటాయి, తుప్పు సంగతి జింకు చూసుకుంటుంది. ఇవాళ చాలా మోటారు బోట్లకు ప్రొపెల్లర్ దగ్గర బూడిదరంగు జింకు దిమ్మ ఉంటుంది. గుంటలు పడి, చీమలు తిన్న బెల్లంముక్కలా కనిపిస్తే అది పని చేస్తున్నట్టు. ఏడాది తర్వాత కూడా కొత్తదానిలా ఉంటేనే అనుమానించాలి, అది లోహానికి సరిగ్గా తగలడం లేదేమోనని. సగం అరిగిందంటే మార్చేయాలి.

అప్పటికే పట్టిన తుప్పును మాత్రం జింకు వదిలించలేదు. ఆ పని వంటింటిది. ఇత్తడి గిలక మీది పచ్చటి చిలుముకు మన చింతపండు చాలు. ఉప్పు కలిపి పట్టించి, పావుగంట ఆగి తోమితే అందులోని టార్టారిక్ ఆమ్లం చిలుమును కరిగించేస్తుంది. మంచినీళ్లతో కడిగి, తుడిచి, పలచగా నూనె రాయాలి. ఎంత తోమినా గులాబీరంగు మచ్చలు పోక, చాకు మొనతో గీకితే పొడి రాలుతుంటే ఇక తోమకండి. ఇత్తడిలోని జింకు కరిగిపోయి బోలు రాగి మిగిలింది. దాని మీద బరువు వేలాడదీయకూడదు.

మామూలు ఇనుప బోల్టును రాత్రంతా వెనిగర్‌లో నానబెడితే పొద్దున బ్రష్‌కి తుప్పు ఊడొచ్చేస్తుంది. జీఐ గొలుసుకు కూడా ఇదే వైద్యం చేశారో, కొంప మునిగినట్టే. దాని మీది బూడిదరంగు పూత జింకే కాబట్టి ఆమ్లం ముందు దాన్నే తినేస్తుంది. కాపలావాణ్ని మన చేత్తో మనమే గెంటేసినట్టు.

రెండు జాగ్రత్తలు. వెనిగర్‌నీ బ్లీచింగ్‌నీ ఒకే బకెట్‌లో కలపకండి, క్లోరిన్ వాయువు వస్తుంది. బోటుకు రంగేసేటప్పుడు జింకు దిమ్మ మీద చుక్క కూడా పడనివ్వకండి. రంగు కింద జింకు కరగదు, ప్రొపెల్లర్ కరుగుతుంది.