విప్పడం

విప్పు అచ్చ తెలుగు క్రియ. బిగించినదాన్ని, మూసినదాన్ని, ముడిచినదాన్ని తెరవడం దాని మూలార్థం. పువ్వు తనంత తాను విచ్చుతుంది. పంచె ముడిని మనిషి విప్పుతాడు. విచ్చు అకర్మకం, విప్పు సకర్మకం. కన్నడంలో బట్టలు విప్పడాన్ని ‘బిచ్చు’ అంటారు. తెలుగు వకారానికి అక్కడ తరచు బకారం వస్తుంది: వేరు బేరు అయింది, వెన్న బెణ్ణె అయింది. రెండు భాషలూ ఈ మాటను ద్రావిడ మూలం నుంచే తెచ్చుకున్నాయని ఈ పోలిక చక్కగా చూపుతుంది.

పంచె, చీర కుట్టని బట్టలు. ముడి, దోపు, కుచ్చిళ్లే వాటికి ఆధారం. అందుకే మూటకూ జడకూ వాడే క్రియే ఒంటిమీది బట్టకూ సరిపోయింది. తర్వాత పోర్చుగీసు ‘బొతావ్’ నుంచి బొత్తాం వచ్చింది. క్రియ మాత్రం మారలేదు, బొత్తాలనూ విప్పుతూనే ఉన్నాం.

విడుచు అనే మాట దీనికి దగ్గరిదే, కానీ అర్థఛాయ వేరు. విప్పడంలో కట్టు సడలుతుంది; విడవడంలో బట్ట ఒంటిని వదిలిపోతుంది. ఉతకడానికి వేసేవి ‘విడిచిన బట్టలు’ కావడం అందువల్లే.

బట్టలను దాటి ఈ క్రియ చాలా దూరం వెళ్లింది. నెమలి పురి, పాము పడగ, మనిషి నోరు, పొడుపు కథ: అన్నీ విప్పేవే.