శస్త్రచికిత్స తరువాత మోకాలు – సుదూర సైకిల్ ప్రయాణం

ఐర్లండు ద్వీపానికీ సైకిలుకూ గల అనుబంధం పాతది. 1887లో బెల్‌ఫాస్ట్ నగరంలో జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువైద్యుడు తన కుమారుని మూడు చక్రాల సైకిలుకు గాలి నింపిన రబ్బరు గొట్టాలను అమర్చి చూశాడు. రెండేళ్ళకే ఆ టైర్ల వ్యాపారం డబ్లిన్‌లో వేళ్ళూనుకొన్నది. నైరుతి కొసన కార్క్ కౌంటీలోని మిజెన్ హెడ్ నుండి ఉత్తరపు కొసన డొనెగాల్ కౌంటీలోని మాలిన్ హెడ్ వరకు దాదాపు 600 కిలోమీటర్ల దూరాన్ని సైకిలుపై దాటడం ఈనాటికీ ఇక్కడి సైకిల్ ప్రియుల కల. ఇక్కడ స్థిరపడిన తెలుగువారిలోనూ ఆ కల కనేవారున్నారు.

అయితే గేలిక్ ఫుట్‌బాల్ మైదానంలోనో, పండుగనాటి కబడ్డీ బరిలోనో కాలు నేలకు ఆనించి దేహాన్ని ఒక్కసారిగా తిప్పినప్పుడు మోకాలిలో ‘టప్’ మని చప్పుడై ఆ కల ఆగిపోవచ్చు. శస్త్రచికిత్స అయిన తరువాత మళ్ళీ సైకిలు తొక్కవచ్చునా అని రోగి అడిగే ప్రశ్నకు సమాధానం సాధారణంగా ‘అవును’ అనే. ఎప్పుడు, ఎంత దూరం అన్నవే అసలు ప్రశ్నలు.

తెగినది ఏమిటి?

తొడ ఎముకనూ దాని కింది ఎముకనూ మోకాలి లోపల రెండు సంధిబంధనాలు శిలువ ఆకారంలో పెనవేసుకొని పట్టి ఉంచుతాయి. వాటిలో ముందరిదానిని వైద్యులు క్లుప్తంగా ఏ.సి.ఎల్. అంటారు. కింది ఎముక ముందుకు జారిపోకుండా, మెలి తిరగకుండా కాపాడే పగ్గం అది. పూర్తిగా తెగితే అది తనంతట తాను నమ్మకంగా అతుక్కోవడం అరుదు. కాబట్టి శస్త్రవైద్యుడు రోగి శరీరం నుండే మోకాలి చిప్ప కింది స్నాయుబంధనంలో ఒక పట్టీనో, తొడ వెనుక కండరాల స్నాయుబంధనాలనో తీసి, ఎముకలలో సొరంగాలు తొలిచి, కొత్త పగ్గంగా బిగిస్తాడు. ఈ పద్ధతికి 1917లోనే ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో ఎర్నెస్ట్ హే గ్రోవ్స్ బాట వేశాడు. నేడు ఆర్థ్రోస్కోపు సాయంతో చిన్న కోతలతోనే ఇది సాధ్యమవుతున్నది.

నొప్పి తగ్గుట వేరు, బలపడుట వేరు

ఈ వ్యాసంలో ముఖ్యంగా గుర్తుంచుకొనవలసిన విషయం ఇదే. అమర్చిన కొత్త పట్టీకి మొదట రక్తప్రసరణ ఉండదు. దానిలోని పాత కణాలు చాలావరకు నశిస్తాయి. ఆ తరువాత కొత్త రక్తనాళాలు పాకి, కొత్త కణాలు చేరి, స్నాయుబంధనం క్రమంగా సంధిబంధనపు లక్షణాలను సంతరించుకొంటుంది. ఈ పునర్నిర్మాణం ఏడాదికి పైగా సాగుతుంది. సుమారు ఆరవ వారం నుండి పన్నెండవ వారం వరకు ఆ పట్టీ అన్నిటికంటె బలహీనంగా ఉంటుంది. చిత్రమేమంటే సరిగ్గా ఆ రోజులలోనే వాపు తీసి, నొప్పి తగ్గి, రోగి చేతికర్ర వదలి నడుస్తుంటాడు. మోకాలు ‘బాగైపోయింది’ అని చెబుతుంది. లోపలి పగ్గం ఇంకా నూలుపోగు దశలో ఉంటుంది.

కండరాలదీ ఇదే కథ. కీలులో నీరు చేరి వాచినపుడు నాడీమండలం తొడ ముందరి కండరాల పనిని తనంతట తానే తగ్గించివేస్తుంది. అందువలన ఆ కండరం కొద్ది వారాలలోనే చిక్కిపోతుంది. వాపు పోయినంత మాత్రాన పాత బలం తిరిగి రాదు; వ్యాయామంతో నెలల తరబడి సంపాదించుకోవాలి.

సైకిలు ఎందుకు మేలు?

సైకిలు తొక్కేటప్పుడు దేహభారంలో అధిక భాగం సీటు మోస్తుంది. కాలు ఒకే తలంలో వలయాకారంగా తిరుగుతుంది. మెలిక, కుదుపు స్వల్పం. 1998లో అమెరికాలోని వెర్మాంట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు సజీవ మోకాళ్ళలో కొలత పరికరాలను ఉంచి చూడగా, నిలకడ సైకిలు తొక్కేటప్పుడు ఏ.సి.ఎల్. గరిష్ఠంగా సాగినది సగటున 1.7 శాతమే. గుంజీల వంటి కదలికలో అది దాదాపు రెండింతలు. అందుకే మోకాలు సుమారు 110 డిగ్రీల వరకు వంగగలిగిన వెంటనే, సాధారణంగా రెండవ వారానికీ ఆరవ వారానికీ మధ్య, ఇంటిలోని నిలకడ సైకిలుపై బరువు లేకుండా తొక్కనిస్తారు. మృదులాస్థికి కూడా కుట్లు పడినవారికి ఈ గడువు మరింత ఆలస్యం కావచ్చు.

దూరం తెచ్చే చిక్కు

నిమిషానికి 80 చుట్ల చొప్పున గంటకు 4,800 చుట్లు. పది గంటల ప్రయాణంలో ఒక్కొక్క మోకాలు 48,000 సార్లు వంగి చాచుకొంటుంది. కొత్త పగ్గానికి ఇది పెద్ద బరువు కాకపోవచ్చు. మోకాలి చిప్పకు మాత్రం చిన్న లోపం కూడా వేల రెట్లవుతుంది. సీటు మరీ తగ్గితే మోకాలు ఎక్కువగా వంగి చిప్ప వెనుక ఒత్తిడి పెరుగుతుంది. మరీ ఎత్తయితే నడుము అటూఇటూ ఊగి మోకాలి వెనుక భాగం లాగుతుంది. పెడలు అడుగున ఉన్నప్పుడు మోకాలు 25 నుండి 35 డిగ్రీలు వంగి ఉండేటట్లు సీటును అమర్చుకోవడం మేలు. బరువైన గేరులో నెమ్మదిగా కాక, తేలికైన గేరులో వేగంగా తొక్కాలి.

పట్టీని ఎక్కడ నుండి తీసినారన్నది కూడా లెక్కలోనికి వస్తుంది. చిప్ప కింద నుండి తీసినవారికి మోకాలి ముందు భాగాన నొప్పి, మోకరిల్లినపుడు బాధ ఉండవచ్చు. తొడ వెనుక నుండి తీసినవారు బూటును పెడలుకు బిగించుకొని పైకి లాగి తొక్కడాన్ని కొన్ని నెలలు మానాలి. పైగా బిగించిన బూటును విడిపించుటకు మడమను పక్కకు తిప్పాలి. కొత్త పగ్గానికి ఆ మెలికే గిట్టదు. సెలవులలో హైదరాబాదులోనో విజయవాడలోనో శస్త్రచికిత్స చేయించుకొని తిరిగి వచ్చేవారు ఆపరేషన్ వివరాల పత్రాన్ని వెంట తెచ్చుకొంటే, ఇక్కడి ఫిజియోథెరపిస్టుకు ఈ సంగతులన్నీ ఊహించవలసిన అవసరముండదు. ఆ సుదీర్ఘ విమానప్రయాణంలో పిక్క నాళాలలో రక్తం గడ్డకట్టే ప్రమాదం గలదు కనుక, ప్రయాణపు తేదీని శస్త్రవైద్యుని అడిగియే నిర్ణయించుకోవాలి. పిక్కలో వాపు, నొప్పి కనిపించినా, ఊపిరి ఆడకపోయినా క్షణం ఆలస్యం చేయరాదు.

ఐర్లండు దారులపై మెట్టు మెట్టుగా

అన్నిటికంటె పెద్ద ప్రమాదం తొక్కడంలో లేదు, పడటంలో ఉన్నది. అందుచేత వైద్యుని అనుమతితో, సుమారు మూడు నెలల తరువాత, వాహనాలు లేని చదును దారిపై ఆరంభించడం క్షేమం. ఈ విషయంలో ఐర్లండు వాసులు అదృష్టవంతులు. మూతపడిన రైలుమార్గాలను, కాలువగట్లను ఇక్కడ సైకిలు బాటలుగా మార్చారు. మేయో కౌంటీలో వెస్ట్‌పోర్ట్ నుండి అకిల్ వరకు సుమారు 42 కిలోమీటర్ల బాట, 2017లో తెరచిన వాటర్‌ఫర్డ్–డన్‌గార్వన్ 46 కిలోమీటర్ల బాట ఒకనాటి రైలుమార్గాలే. ఆవిరియంత్రం నిటారు ఎత్తును ఎక్కలేదు కనుక ఆనాటి ఇంజనీర్లు వాలును మందంగా ఉంచారు. ఆ జాగ్రత్త నేడు కోలుకొంటున్న మోకాళ్ళకు ఉపకరిస్తున్నది. 2021లో పూర్తయిన రాయల్ కెనాల్ బాట మేనూత్ నుండి లాంగ్‌ఫర్డ్ కౌంటీలోని క్లూండారా వరకు 130 కిలోమీటర్లు దాదాపు చదునుగా సాగుతుంది.

ఇక్కడ వాహనాలు ఎడమవైపున నడుస్తాయి. కనుక ఆగినపుడు సైకిలిస్టు ఎడమ కాలినే కాలిబాట అంచుపై మోపుతాడు. శస్త్రచికిత్స జరిగినది ఎడమ మోకాలికైతే ఆ కుదుపు దానిమీదనే పడుతుంది. జనసమ్మర్దం లేని చోట కుడి కాలు మోపడం ముందుగా అభ్యసించిన తరువాతనే రహదారి ఎక్కాలి. నైరుతి గాలి ఎక్కువగా వీచే దేశం కాబట్టి వెళ్ళేటప్పుడు గాలికి ఎదురుగా, అలసి తిరిగి వచ్చేటప్పుడు గాలివాలుగా ఉండేటట్లు దారి ఎంచుకోవాలి. చలిలో మోకాళ్ళను కప్పి ఉంచాలి. దూరం పెంచిన మరునాడు మోకాలు వాచిందా అన్నది పరీక్ష. వాచితే ఒక మెట్టు కిందికి దిగాలి. రెండు తొడల బలమూ కొలిపించి, గాయపడినది రెండవదానిలో కనీసం 90 శాతం బలం పుంజుకొన్న పిదపనే డింగిల్ సమీపాన సుమారు 450 మీటర్ల ఎత్తున ఉన్న కానర్ పాస్ వంటి కనుమలను తలపెట్టాలి.

ఒక విజేత కథ

డబ్లిన్ శివారు డండ్రమ్‌కు చెందిన స్టీఫెన్ రోష్ 1985లో టూర్ డి ఫ్రాన్స్‌లో మూడవ స్థానం పొందాడు. తరువాత పారిస్‌లోని బెర్సీ ట్రాకుపై ఆరు రోజుల పందెంలో పడి మోకాలు దెబ్బతిన్నది. 1986 టూర్‌లో ఆయన స్థానం 48. మరుసటి ఏడాది, 1987లో, ఆయన ఇటలీ పందెం జీరోనూ, టూర్‌నూ, ప్రపంచ ఛాంపియన్‌షిప్‌నూ గెలిచాడు. ఒకే సంవత్సరంలో ఈ మూడింటిని గెలిచిన పురుషులు ముగ్గురే: 1974లో ఎడ్డీ మెర్క్స్, 1987లో రోష్, 2024లో తదేయ్ పొగాచర్. రోష్ గాయం ఇక్కడ చెప్పుకొన్న గాయం వంటిది కాదు. ఆయన శిక్షణ సామాన్యులకు అందేది కాదు. అయినా ఆ కథలో అరుదుగా చెప్పుకొనే రెండవ భాగం అందరికీ వర్తిస్తుంది. 1988 ఆరంభంలో ఆ విజేతకు మోకాలి బాధ తిరగబెట్టింది. ఆ ఏడాది టూర్‌లో ఆయన లేడు. 1992లో మళ్ళీ టూర్‌లో ఒక దశను గెలిచినా 1987 నాటి శిఖరాన్ని తిరిగి అందుకోలేదు. గెలుపు కూడా మోకాలు పూర్తిగా కుదుటపడినదనడానికి సాక్ష్యం కాదన్నమాట.

మెలికలు తిరిగే ఆటలకు మళ్ళిన క్రీడాకారులను పరిశీలించిన నార్వే, అమెరికా పరిశోధకులు 2016లో ఒక సంగతి వెల్లడించారు: తొమ్మిది నెలల వరకు ఆగిన ఒక్కొక్క నెలకు మళ్ళీ గాయపడే రేటు దాదాపు సగానికి తగ్గింది. సైకిలు అంత కఠినమైనది కాదు; కాని వేచి ఉన్న కాలం వృథా కాదన్న నీతి దీనికీ వర్తిస్తుంది. మిజెన్ హెడ్ దారి ఈ వేసవి కాకున్నా వచ్చే వేసవికి అక్కడే ఉంటుంది. ఆ దారి చివరిదాకా వెళ్ళగల మోకాలిని సిద్ధం చేసుకొనుటయే ఈ ఏడాది పని.