ముక్తినాథ్ దాకా ఒంటరిగా బండి మీద: అపోహలు – వాస్తవాలు

నేపాల్‌లోని ముక్తినాథ్ దాకా ఒక్కడినే బండి మీద వెళ్లి, దారిలో వీలైనచోటల్లా గుడారం వేసుకుని పడుకుంటూ ఈమధ్యే తెనాలి తిరిగొచ్చాను. మనవాళ్లకు ముక్తినాథ్ కొత్త కాదు. 108 దివ్యదేశాల్లో అదొకటి. సాలగ్రామాలు దొరికే గండకి లోయ మీదుగానే దారి. మన పెద్దవాళ్లు బస్సుల్లో, విమానాల్లో ఎప్పటినుంచో వెళ్లొస్తూనే ఉన్నారు. అదే బండి మీద అనేసరికి ప్రశ్నలు మొదలవుతాయి. తెనాలిలో టీ కొట్టు దగ్గర, బాపట్ల వ్యవసాయ కళాశాల కుర్రాళ్లతో మాటల్లో, రేపల్లెలో చుట్టాలింటి పెళ్లి పందిట్లో అవే మాటలు విన్నాను. వాటిలో కొన్ని భయాలు, కొన్ని వీడియోలు చూసి తెచ్చుకున్న ధీమాలు. భయం మనిషిని ఇంట్లో కూర్చోబెట్టి ఊరుకుంటుంది. తప్పుడు ధీమా ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: పాస్‌పోర్టు, పెట్రోలు డబ్బులు ఉంటే ఏ దేశమైనా బండేసుకుని పోవచ్చు.

వాస్తవం: మనిషికి కావలసిన కాగితాలు వేరు, బండికి కావలసినవి వేరు. రోడ్డు మార్గాన నేపాల్ వెళ్లే భారతీయులకు పాస్‌పోర్టు తప్పనిసరి కాదు, ఓటరు కార్డు సరిపోతుంది. బండి మాత్రం ఊరికే దాటదు. సరిహద్దులో ‘భన్సార్’ అనే కస్టమ్స్ కార్యాలయంలో ఎన్ని రోజులుంటామో చెప్పి, రోజుల లెక్కన రుసుము కట్టి రసీదు తీసుకోవాలి. మన దేశపు బండిని అక్కడ ఏడాదిలో మొత్తం 30 రోజులకు మించి ఉంచకూడదు. గడువు దాటితే జరిమానా.

నేపాల్ దాటి దూరం పోవాలనుకుంటే ‘కార్నే’ అనే పుస్తకం కావాలి. బండికి అది పాస్‌పోర్టు లాంటిది. మన దేశంలో ముంబయిలోని వెస్ట్రన్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ దాన్ని ఏళ్లుగా ఇస్తూ వచ్చింది. బండి విలువను బట్టి హామీ సొమ్ము కట్టించుకుంటారు. ఒక్కో దేశానికి ఒక్కో పేజీ ఉంటుంది. లోపలికి వెళ్లేటప్పుడు కస్టమ్స్ వాళ్లు ఒక ముక్క చించుకుంటారు, బయటికి వచ్చేటప్పుడు ఇంకో ముక్క. బయటికొచ్చిన ముద్ర పడకపోతే, ఆ బండిని అక్కడే అమ్మేశామని లెక్కగట్టి సుంకం అడుగుతారు. ఇరాన్, ఈజిప్టు లాంటి దేశాల్లో మామూలుగా కార్నే అడుగుతారు. నేపాల్‌కు దాని అవసరం లేదు. తొలి విదేశీ ప్రయాణానికి నేపాల్‌నే ఎంచుకోమని నేను చెప్పేది అందుకే.

లైసెన్సు సంగతీ అంతే. మన రవాణా శాఖ ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ 1949 జెనీవా ఒప్పందాన్ని అనుసరించింది. ఏడాది వరకే చెల్లుతుంది, మన లైసెన్సు గడువు ఈలోపే తీరితే అంతవరకే. అది చైనాలో చెల్లదు, అక్కడ తాత్కాలిక లైసెన్సు వేరుగా తీసుకోవాలి. ఇక బీమా. మన బండి పాలసీ మామూలుగా భారతదేశం వరకే పనిచేస్తుంది. అదనపు ప్రీమియం కట్టి నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, మాల్దీవులు, పాకిస్థాన్‌లకు పొడిగించుకోవచ్చు. అది చేయించకుండా సరిహద్దు దాటితే బీమా లేని బండి నడుపుతున్నట్టే. ఈ ఒక్క సంగతి చాలామందికి తెలియదు, చెప్పేవాళ్లూ తక్కువ.

అపోహ: “నీకేం బాబాయ్, పెద్ద బండి ఉంది. మా నూట యాభై సీసీతో ఎక్కడికి పోతాం?”

వాస్తవం: విశాఖపట్నం వాసి భరద్వాజ్ దయాల 2006లో బయల్దేరి ఒంటరిగా ప్రపంచం చుట్టి వచ్చారు. ఏడాదిన్నర ప్రయాణం, 16 దేశాలు, సుమారు 47,000 కిలోమీటర్లు. ఆయన నడిపింది హీరో హోండా కరిజ్మా, 223 సీసీ. అప్పట్లో మన ఊళ్లలో కాలేజీ కుర్రాళ్లు నడిపిన బండే అది. అంతకు ముందు 1973లో లండన్ నుంచి బయల్దేరి నాలుగేళ్లు ప్రపంచమంతా తిరిగిన టెడ్ సైమన్ బండి 500 సీసీ ట్రయంఫ్. ఇవాళ దూర ప్రయాణాల బండ్లని అమ్ముతున్నవాటి ముందు అది చిన్నదే.

కొండదారిలో ఇబ్బంది పెట్టేది ఇంజిన్ కంటే సామాను. బరువు వెనకా పైనా పేరుకుపోతే బురదలో ముందు చక్రం నిలవదు. బరువైనవి కిందికి, ఇంజిన్‌కు దగ్గరగా రావాలి. పనిముట్లు, నీళ్లు అడుగున, స్లీపింగ్ బ్యాగ్ లాంటి తేలికవి పైన. ఒక అదనపు క్లచ్ కేబుల్‌ను పాత కేబుల్ పక్కనే కట్టేసి ఉంచితే తెగినప్పుడు పావుగంట పని. దారిలో మెకానిక్‌కు తెలిసిన బండి తీసుకెళ్లడం ఇంకా మేలు.

అపోహ: గుడారం ఉంటే ఎక్కడైనా పడుకోవచ్చు.

వాస్తవం: నార్వే, స్వీడన్‌లలో ఇళ్లకు, పొలాలకు దూరంగా ఎవరి నేలలోనైనా ఒక రాత్రి గుడారం వేసుకునే హక్కు ఉంది. స్కాట్లాండ్‌లో 2003 చట్టం అలాంటి హక్కే ఇచ్చింది. పక్కనున్న ఇంగ్లండ్‌లో చాలాచోట్ల భూమి యజమాని ఒప్పుకోవాల్సిందే. నేపాల్‌లో నేను చీకటి పడకముందే ఏదో ఒక ఇంటి ముందు ఆగి, పెరట్లోనో కళ్లంలోనో వేసుకోవచ్చా అని అడిగేవాణ్ని. అక్కడే భోజనం చేసి డబ్బులిస్తే వాళ్లకూ సంతోషం.

నేల ఎవరిదన్నది ఒక్కటే కాదు, గాలి ఎటు వీస్తుందన్నదీ చూడాలి. కాళీ గండకి లోయలో ఉదయం ఆకు కూడా కదలదు. పది, పదకొండు దాటాక దక్షిణం నుంచి గాలి మొదలై సాయంత్రం దాకా కంకర ఎగరేస్తుంది. ఎండకు పైనున్న పీఠభూమి వేడెక్కి కింది లోయలోని గాలిని లాక్కోవడమే కారణం. అందుకని అక్కడ గుడారం తలుపు ఉత్తరానికి పెట్టాలి, మేకులు లోతుగా ఏటవాలుగా కొట్టాలి, ప్రయాణం పొద్దున్నే ముగించాలి.

మన తీరానికి దాని లెక్కలు దానికున్నాయి. బాపట్ల తీరంలోని సూర్యలంకలో గుడారం వేద్దామన్నా అని అడిగే కుర్రాళ్లకు నవంబరు చల్లగా, హాయిగా కనిపిస్తుంది. మన తుపాన్ల కాలమూ అదే. 1977 నవంబర్ 19న ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టింది, కృష్ణకు ఇవతలున్న రేపల్లె ప్రాంతాన్నీ దెబ్బతీసింది. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. వాతావరణ శాఖ హెచ్చరిక చూడకుండా, పోలీసులకు చెప్పకుండా ఇసుకలో రాత్రి గడపొద్దు.

అపోహ: చలేస్తే గుడారంలోనే స్టవ్ వెలిగించుకుంటే సరి.

వాస్తవం: మూసిన గుడారంలో స్టవ్ గానీ బొగ్గుల కుంపటి గానీ వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు, నిద్రలోనే చంపేస్తుంది. ఎంత చలైనా ఆ పని చేయకండి. వంట బయటే.

చలి ఎక్కువగా కింది నుంచే వస్తుంది. ఒళ్లు బరువుకు అడుగున నలిగిన స్లీపింగ్ బ్యాగ్ వేడిని పట్టి ఉంచదు కాబట్టి కింద మంచి చాప కావాలి. బ్యాగ్ మీద రెండు ఉష్ణోగ్రతలు రాసి ఉంటాయి. ఒకటి హాయిగా నిద్రపట్టే అంకె, రెండోది ముడుచుకుని ఓర్చుకునే అంకె. కొనేటప్పుడు మొదటిదే చూడాలి. తెల్లారేసరికి గుడారం లోపలి గుడ్డకు నీటిబొట్లు వేలాడుతుంటే కారుతోందని కంగారుపడేవాళ్లున్నారు. అది మన ఊపిరిలోని ఆవిరే. గాలి ఆడే కిటికీ కాస్త తెరిచి పెడితే తగ్గుతుంది.

అపోహ: బండి ఎక్కిందంటే మనమూ ఎక్కినట్టే.

వాస్తవం: తెనాలి సముద్రమట్టానికి పది, పదిహేను మీటర్ల ఎత్తులో ఉంటుంది. ముక్తినాథ్ 3,700 మీటర్ల పైమాట. అక్కడి గాలి పీడనం మన దగ్గరున్నదాంట్లో మూడింట రెండు వంతులే. బండి బలం మూడో వంతు తగ్గుతుంది, మనకూ ఆయాసం వస్తుంది. కింద లోయలోని బేనిలో బయల్దేరితే ఒక్క రోజులో పైకి చేరిపోవచ్చు, అదే ప్రమాదం. 2,500 మీటర్లు దాటాక తలనొప్పి, వాంతులు, తూలడం మొదలైతే కిందికి దిగాలి, మందు వేసుకుని ఇంకా పైకి పోకూడదు. దారిలో ఉన్న మార్ఫాలోనో జోమ్‌సోమ్‌లోనో ఒకటి రెండు రాత్రులు ఆగి ఎక్కినవాళ్లకు ఒళ్లు అలవాటు పడుతుంది. వయసులో ఉన్నవాళ్లకు, కసరత్తు చేసేవాళ్లకు రాదనుకోవడం కూడా అపోహే.

అపోహ: ఒంటరి ప్రయాణం మగవాళ్లకే, అదీ ఎవరూ లేనివాళ్లకే.

వాస్తవం: 2018లో జై భారతి అనే బైకర్ నాయకత్వంలో నలుగురు మహిళలు హైదరాబాద్ నుంచి మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం తిరిగి దాదాపు 17,000 కిలోమీటర్లు నడిపారు. 2021లో ఆమె ఒంటరిగా దేశమంతా చుట్టారు. ఆడవాళ్లకు బండి నేర్పే మోవో సంస్థ కూడా ఆమెదే. ఇక ఒంటరితనం అంటారా, రోజూ ఎవరో ఒకరి ఇంటి నీళ్లు తాగుతూ, ఎవరో చెప్పిన దారిన పోయేవాడు ఒంటరి ఎలా అవుతాడు? సాయంత్రం ఎక్కడ ఆగామో ఇంటికొక సందేశం పెట్టడం నియమంగా పెట్టుకుంటే అమ్మకూ నిద్ర పడుతుంది.

అపోహ: తిరిగొచ్చాక మనిషే మారిపోతాడు.

వాస్తవం: మొదటి వారం నిద్ర, రెండో వారం దిగులు. రోజూ పొద్దున్నే ఎటు పోవాలో ఒక్కటే ఆలోచించిన మనసు కరెంటు బిల్లుల మధ్య కుదురుకోవడానికి సమయం పడుతుంది. ఇది జబ్బు కాదు, చాలామందికి వచ్చేదే. నాకు నిలిచిపోయిన మార్పు ఒక్కటే. తెలియని మనిషిని ఇదివరకటి కంటే తొందరగా నమ్ముతున్నాను. దానికి ఆ లోయలో పెరడు చూపించిన వాళ్లే కారణం. ఇంకొకటి చెప్పాలి. అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది ఆఖరి రోజున. ఇల్లు దగ్గరపడిందని అలసటతోనే రాత్రంతా నడిపేవాళ్లున్నారు. నేను విజయవాడ చేరకముందే ఆగి, పడుకుని, పొద్దున్నే తెనాలి వచ్చాను.

వెళ్లాలనుకునేవాళ్లు వానాకాలం వదిలేయండి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అక్కడ కొండచరియలు విరిగి పడుతుంటాయి. అక్టోబర్, నవంబర్ మంచివి. బయల్దేరే ముందు ఒకసారి మొత్తం సామాను కట్టుకుని తెనాలి నుంచి రేపల్లె, అక్కణ్నుంచి 216వ నంబరు జాతీయ రహదారి మీద బాపట్ల వెళ్లి రండి. ఆ రాత్రి డాబా మీద గుడారంలో పడుకోండి. తాడు వదులైనా, చాప పలచనైనా, అక్కర్లేని బరువున్నా సరిచేసుకోవడానికి ఇల్లు పక్కనే ఉంటుంది.