ఒక్కసారే వినిపిస్తారు.. చెవి సిద్ధమేనా?

జర్మన్ ఉన్నతస్థాయి పరీక్షలో శ్రవణ విభాగమే గండం
పలు భాషలు వింటూ పెరిగిన సరిహద్దు పల్లెలకు కొంత వెసులుబాటు

న్యాల్‌కల్: వ్యాకరణం కంఠతా వచ్చు. పుస్తకంలో ఏ పేజీ తెరిచినా గడగడా చదవగలరు. తీరా పరీక్ష గదిలో రికార్డింగు మొదలయ్యాక మూడో వాక్యానికే పట్టు తప్పుతుంది. జారిపోయిన మాట ఏమిటా అని ఆలోచించే లోపే మరో రెండు ప్రశ్నల సమాధానాలు దాటిపోతాయి. వెనక్కి తిప్పి వినే వీలుండదు. జర్మనీలో చదువుకో, కొలువుకో సిద్ధమవుతున్న అభ్యర్థుల్లో అనేకులు తడబడేది ఈ శ్రవణ విభాగంలోనే.

జర్మనీకి వెళ్లాలన్న ఆలోచన ఇప్పుడు నగరాలకే పరిమితం కాదు. భారతీయ నిపుణులకు ఏటా ఇచ్చే వీసాలను 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామని జర్మనీ ప్రభుత్వం 2024 అక్టోబరులో ప్రకటించింది. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ సైతం అక్కడి ఆసుపత్రుల్లో చేరదలచిన నర్సులకు భాషా శిక్షణతో కూడిన నియామక కార్యక్రమాలు చేపట్టింది. నర్సులకు సాధారణంగా బి-2 స్థాయి అవసరం. వైద్యులు రోగితోనూ, తోటి వైద్యులతోనూ వృత్తిపరంగా సి-1 స్థాయిలో మాట్లాడగలమని అక్కడి వైద్య మండలి పరీక్షలో నిరూపించుకోవాలి. జర్మన్ మాధ్యమంలో డిగ్రీ చేయదలచిన విద్యార్థులకూ దాదాపు అదే స్థాయి కావాలి. ఆంగ్ల మాధ్యమంలో ఎంఎస్ చేసేవారికి ప్రవేశానికి ఇది తప్పనిసరి కాకపోయినా, చదువు ముగిశాక కొలువు వెతుక్కునేటప్పుడు దీని విలువ తెలిసివస్తుంది.

ఉన్న ఉద్యోగం మాని, హైదరాబాద్‌లో గది అద్దెకు తీసుకుని నెలల తరబడి భాష నేర్చే నర్సుకు ఒక్క విభాగం తప్పినా ప్రయాణం వాయిదా పడుతుంది. అప్పుపై వడ్డీ మాత్రం ఆగదు.

క్రియ కోసం ఆగాలి

వినడంలో వచ్చే చిక్కు పదాలు తెలియకపోవడం ఒక్కటే కాదు. విన్న వాక్యాన్ని మనసులో ఆంగ్లంలోకి మార్చుకునే అలవాటు అంతకంటే పెద్ద చిక్కు. ‘రోగి మాత్రను నిన్న రాత్రి భోజనం తర్వాత వేసుకోలేదని అనుకుంటున్నాను’ అన్న మాటను జర్మన్‌లో చెబితే ‘అనుకుంటున్నాను’ అన్నది ముందుకు వస్తుంది. ఆ తర్వాత రోగి, మాత్ర, నిన్న రాత్రి, భోజనం తర్వాత, చివరికి ‘వేసుకోలేదు’.. ఇదే వరుస. అంటే లోపలి వాక్యం అచ్చంగా తెలుగు వాక్యంలా నడుస్తుంది. ఆంగ్లంలో కాదన్న మాట ముందే తెలిసిపోతుంది. జర్మన్‌లో, తెలుగులో చివరిదాకా ఆగాలి. తెలుగులో పుట్టి పెరిగిన చెవికి ఈ ఓపిక పుట్టుకతోనే ఉంది. ఆంగ్లం గుండా జర్మన్‌ను నేర్పే తరగతుల్లో ఆ ఓపిక మరుగున పడుతోంది.

ప్రధాన వాక్యంలో మరో మెలిక ఉంది. ‘సాగ్ట్’ అని వినపడితే ‘చెబుతున్నారు’ అని అర్థం చేసుకుంటాం. శుక్రవారం, ఆరున్నర, వైద్యురాలు, అపాయింట్‌మెంట్ అన్నీ వచ్చాక వాక్యం చివర చిన్న ముక్క ‘ఆబ్’ వచ్చిందా, అపాయింట్‌మెంట్ రద్దయినట్టు. దాని స్థానంలో ‘ట్సూ’ వచ్చిందా, ఒప్పుకున్నట్టు. ప్రశ్న సరిగ్గా దానిపైనే ఉంటుంది. ఆరున్నరను కూడా జర్మన్లు ‘హాల్ప్ జీబెన్’ అంటారు. మాటకు మాట తీసుకుంటే ‘సగం ఏడు’. ఏడున్నర అని రాసి మార్కు పోగొట్టుకునేవారు పై స్థాయిలోనూ ఉంటారు.

‘పచ్చీస్’ తెలిసినవారికి సులువే

అంకెల దగ్గర న్యాల్‌కల్ వంటి మండలానికి ఒక అనుకూలత ఉంది. బీదర్ సరిహద్దున ఉన్న ఈ పల్లెల్లో తెలుగు, కన్నడ, ఉర్దూ, మరాఠీ ఒకే సంతలో వినిపిస్తాయి. తెలుగులో ‘ఇరవై ఐదు’, కన్నడలో ‘ఇప్పత్తైదు’ అంటూ పదులు ముందు వస్తాయి. ఉర్దూ ‘పచ్చీస్’లోనూ, మరాఠీ ‘పంచవీస్’లోనూ ఐదు ముందు, ఇరవై తర్వాత. జర్మన్ ‘ఫ్యున్ఫ్ ఉంట్ ట్స్వాన్‌ట్సిగ్’ కూడా ఇదే పద్ధతి.. ఐదు, ఇరవై. సంతలో ఉర్దూ లెక్క విని తెలుగులో చిల్లర ఇచ్చే కుర్రవాడు చేసే పని ఇదే. అయితే ఫోను నంబర్లు, సంవత్సరాలు, ధరలను వేగంగా వింటూ రాసే సాధన విడిగా చేయాల్సిందే. 15ను సూచించే ‘ట్సేన్’ అంత్యానికీ, 50ని సూచించే ‘ట్సిగ్’ అంత్యానికీ తేడా తొందరలో చెవికి అందదు. ఫోనులో ‘డ్రై’ (మూడు)తో కలిసిపోకుండా ఉండేందుకు ‘ట్స్వై’ (రెండు)ని ‘ట్స్వో’ అని పలకడం అక్కడి రివాజు. ఆస్ట్రియా వారు జనవరిని ‘యానువార్’ అనరు, ‘యెన్నర్’ అంటారు.

వినిపించిన మాటే వల

సి-1 స్థాయిలో పరీక్షించేది సమాచారాన్ని మాత్రమే కాదు, మాట్లాడే వ్యక్తి అభిప్రాయాన్ని కూడా. రికార్డింగులో వినిపించిన పదమే యథాతథంగా ఏ సమాధానంలో కనిపిస్తే దాన్ని గుర్తించడం తొందరపాటు. చాలాసార్లు అది వల. సరైన సమాధానం అదే భావాన్ని వేరే మాటల్లో చెబుతుంది. ‘ట్స్వార్’ అన్న చిన్న మాట వినపడగానే ‘ఆబర్’ (కానీ) రాబోతోందని సిద్ధపడాలి. మన వాళ్లు ‘నువ్వన్నది నిజమే..’ అని మొదలుపెడితే అసలు మాట తర్వాతే ఉంటుందని తెలియనిదెవరికి? ‘కౌమ్’ అంటే దాదాపు లేనట్టే. ‘కైనెస్‌వెగ్స్’ అంటే ఎంతమాత్రం కాదు. ఇలాంటి మాటలను వేరే నోటు పుస్తకంలో రాసుకుని, కంటితో కాక చెవితో గుర్తుపట్టేలా సాధన చేయాలి.

మూడు నిమిషాలు.. మూడు సార్లు

రోజంతా జర్మన్ పాటలు మోగించినంత మాత్రాన చెవి పదునెక్కదు. మూడు నిమిషాల రికార్డింగును తీసుకుని మొదటిసారి కాగితం లేకుండా విని సారాంశాన్ని పైకి చెప్పుకోవాలి. రెండోసారి బడిలో ఉక్తలేఖనం రాసినట్టు రాయాలి. మూడోసారి పాఠాన్ని ఎదురుగా పెట్టుకుని సరిచూసుకోవాలి. తప్పిన చోటును దిద్ది వదిలేయకూడదు. పదం తెలియక తప్పిందా, తెలిసిన పదమే వేగంలో గుర్తుపట్టక తప్పిందా, క్రియ వచ్చేదాకా ఆగక తప్పిందా అని పక్కన రాసుకోవాలి. వారం తిరిగేసరికి ఎవరి లోపం వారికే కనిపిస్తుంది. చాలామందిలో అది రెండో రకమే. దానికి మందు నిఘంటువు కాదు, అదే ముక్కను మాట్లాడేవారి వెంటే పైకి పలకడం.

జర్మన్ ప్రసార సంస్థ డాయిషె వెల్లె నెమ్మదిగా చదివిన వార్తలను పాఠంతో సహా ఉచితంగా అందిస్తోంది. బి-2 వారికి ఇది సరిపోతుంది. సి-1 అభ్యర్థులు అక్కడ ఆగిపోకుండా డాయిచ్‌లాండ్‌ఫుంక్ రేడియో వారి విజ్ఞాన కార్యక్రమాలు, చర్చల వైపు మళ్లాలి. నలుగురు మాట్లాడుతుంటే ఎవరు ఏమన్నారో గుర్తుంచుకోవడం అసలు కష్టం. పొరుగున ఝరాసంగం మండలం మాచ్‌నూర్‌లో 2008 అక్టోబరు 15న మొదలైన సంఘం రేడియోకు అలవాటుపడిన ఈ ప్రాంతంలో రేడియోను శ్రద్ధగా వినడం కొత్త విద్యేమీ కాదు.

ఎప్పుడూ చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని సాధన చేసేవారు ఒక్కటి గమనించాలి. కాగితంపై రాసే పరీక్షల్లో గదిలోని స్పీకరు ద్వారానే వినిపిస్తారు. పైన ఫ్యాను తిరుగుతుంటుంది, పక్కవారు దగ్గుతారు. కనీసం వారానికి రెండు రోజులు ఫోనును బల్లకు అవతల పెట్టి వినడం మేలు.

తప్పితే..

గోథే సంస్థ బి-2 పరీక్షలో శ్రవణానికి సుమారు 40 నిమిషాలు, నాలుగు భాగాలు, 30 ప్రశ్నలు. మొదటి, మూడో భాగాలను ఒక్కసారే వినిపిస్తారు. రెండో, నాలుగో భాగాలను రెండుసార్లు. నూటికి 60 మార్కులు వస్తే గట్టెక్కినట్టే. అంటే 18 ప్రశ్నలు సరిగా రాయాలి. పన్నెండు తప్పినా నష్టం లేదన్నమాట. ఒకటి పోయిందని దిగులుపడుతూ తర్వాతి మూడింటినీ పోగొట్టుకోవడమే అసలు ముప్పు. తెలియని చోట ఏదో ఒకటి గుర్తించి ముందుకు సాగాలి. టెల్క్ సంస్థ నిర్వహించే సి-1 హోఖ్‌షూలె పరీక్షలో మూడు భాగాలనూ ఒక్కసారే వినిపిస్తారు. మూడోది ఉపన్యాసం. వింటూనే నోట్సు రాయాలి.

గోథే సి-1 పరీక్ష 2024 నుంచి విభాగాల వారీగా మారింది. శ్రవణంలో మాత్రమే తప్పినవారు ఆ ఒక్కదానినే మళ్లీ రాయవచ్చు. టెస్ట్‌డాఫ్‌లో ఆ వెసులుబాటు లేదు, మొత్తం తిరిగి రాయాలి. ఏ ధ్రువపత్రం చెల్లుతుందో రుసుము కట్టకముందే తాము చేరబోయే విశ్వవిద్యాలయం లేదా ఆసుపత్రి నిబంధనల్లో చూసుకోవాలి. గోథే పరీక్షల వివరాలను హైదరాబాద్‌లోని గోథే జెంట్రంలో తెలుసుకోవచ్చు. నమూనా ప్రశ్నపత్రాలు, వాటి రికార్డింగులు గోథే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. అవి కొన్నే ఉంటాయి కనుక, మొదటి నెలలోనే అన్నింటినీ విని ఖర్చు చేసుకోకుండా రెండింటినైనా చివరి వారానికి దాచుకోవడం మంచిది.