అరుణ వలయము

2005వ సంవత్సరము నవంబరు 22వ తేదీన, సోనీవారి ప్లేస్టేషన్ 3 కంటె సుమారు ఒక సంవత్సరము ముందుగా, మైక్రోసాఫ్టు సంస్థవారు అమెరికాలో విక్రయమునకు పెట్టిన ఎక్స్‌బాక్స్ 360 అను గేమ్ కన్సోలు, సన్నని నడుము గల తెల్లని పెట్టెలో, ఐబీఎంవారి మూడు కోర్ల 3.2 గిగాహెర్ట్జుల ప్రాసెసరును, ఏటీఐవారి గ్రాఫిక్స్ చిప్పును ఇముడ్చుకొని, నాటి క్రీడాయంత్రములలో మిక్కిలి శక్తిమంతమైనదిగా ప్రఖ్యాతి గాంచెను.

చిప్పు తాను గ్రహించిన విద్యుత్తు నంతటిని, గణనము సాగుచుండగనే, వేడిమిగానే విడుచును. ఈ కన్సోలుకు 203 వాట్ల పవర్ సప్లై అవసరమాయెను; దానిని సొంత ఫ్యానుతో సహా పెట్టె వెలుపల వేరొక దిమ్మెగా అమర్చిరి. లోపల మాత్రము, గ్రాఫిక్స్ చిప్పునకు సరిగా పైన డీవీడీ డ్రైవు ఉండుటచే, ఆ చిప్పు వేడిని గాలికి అందింపవలసిన హీట్‌సింకును పొట్టిదిగా చేయక తప్పలేదు. ఆ యంత్రపు ఆయుర్దాయము చాలవరకు ఆ కొద్దిపాటి ఎత్తులోనే నిర్ణయమైనదని నా తలంపు.

పవర్ బటను చుట్టును నాలుగు భాగములుగా వెలుగు దీపవలయ మొకటి ఉండెను. అంతయు సవ్యముగా నున్నపుడు పచ్చగా వెలుగు ఈ వలయములో రెండు భాగములు ఎఱ్ఱబారినచో యంత్రము మితిమీరి వేడెక్కినదని అర్థము. ఆపి చల్లారనిచ్చిన యెడల అది మరల లేచును. మూడు భాగములు ఎఱ్ఱగా మినుకుమినుకుమన్నచో లోపలి భాగ మేదో చెడినదని గ్రహింపవలెను. లోకులు ‘రెడ్ రింగ్ ఆఫ్ డెత్’ అని పిలిచినది ఈ మూడు దీపముల గుర్తునే. రెండు దీపములు జ్వరమును తెలుపగా, మూడు దీపములు ఆ జ్వరము పలుమార్లు వచ్చి పోయిన పిదప మిగిలిన క్షతిని తెలిపినవి.

ఆ క్షతి స్వరూపము శ్రద్ధగా తెలిసికొనదగినది. చిప్పులోని సిలికాను ఒక్కొక్క డిగ్రీ వేడికి తన నిడివిలో పది లక్షల వంతులకు సుమారు మూడు వంతులు మాత్రమే పెరుగును. దానిని మోయు రెసిను పలక అంతకు నాలుగైదింతలు పెరుగును. ఈ రెండింటిని కలుపునవి కంటికి ఆనని టంకపు బిందువులు. కమ్మరి బండిచక్రమునకు ఇనుపపట్టాను ఎఱ్ఱగా కాల్చి తొడిగి నీరు పోయగా, అది ముడుచుకొని చెక్కను బిగబట్టు బలమెట్టిదో, అట్టి బలమే ఇచ్చట, ఆట మొదలిడినపుడొక దిక్కునకును, ఆపినపుడు మరొక దిక్కునకును, ఆ బిందువులను లాగుచుండెను. ఇట్లు లాగులాటకు లోనైన బిందువులు క్రమముగా పగుళ్లు వారి, ఒకనాడు విద్యుత్ప్రవాహము తెగిపోవును. కావున యంత్రమును చంపినది వేడిమి యొక్కటియే కాదు. వేడిమియు చల్లదనమును మార్చి మార్చి వచ్చుటయే. యూరపులో 2006 జూలైనుండి ఎలక్ట్రానిక్ వస్తువులలో సీసమును నిషేధించిన నియమమును, సీసములేని టంకమును చాలకాలము చాలమంది నిందించిరి గాని, 2021లో సంస్థవారే వెలువరించిన తమ చరిత్రచిత్రములో, హార్డువేరు విభాగమునకు నాయకత్వము వహించిన టాడ్ హోమ్‌డాల్, చిప్పుల లోపలి కలయికలే ఉష్ణపు ఒత్తిడికి తెగినవని వివరించెను.

ఈ కన్సోలులు తరచుగా చెడుచున్న ఆ దినములలో కొందరు చెడిన కన్సోలును తువాలుతో గట్టిగా చుట్టి నడిపి, అది కొంతసేపు మరల పనిచేయుట చూచి సంతోషించిరి. మిక్కిలి వేడికి పగులు అంచులు తాత్కాలికముగా తాకుటయే దానికి కారణమై యుండును. ఇది ఇంటికి నిప్పంటించగల పని, ఎవ్వరును చేయరాదు.

2007 జూలై 5న మైక్రోసాఫ్టువారు మూడు ఎఱ్ఱదీపముల వ్యాధికి మూడేండ్ల వారంటీ ప్రకటించి, అందులకై నూరు కోట్ల డాలర్లకు మించిన ధనమును కేటాయించిరి. గ్రాఫిక్స్ చిప్పునకు హీట్‌పైపుతో కూడిన అదనపు హీట్‌సింకును జోడించిరి. ఆ పిమ్మట చిప్పుల నిర్మాణ సూక్ష్మతలో, 90 నానోమీటర్ల ప్రాసెసరు 65కు, కొలదికాలమునకే గ్రాఫిక్స్ చిప్పును 65కు దిగినవి. 2010 నాటి సన్నని నమూనాలో రెండును ఒకే చిప్పుగా 45 నానోమీటర్లకు కుదించుకొని, ఒకే పెద్ద ఫ్యానుతో చల్లబడజొచ్చెను. పవర్ సప్లై 203 నుండి 175, 150, 135 వాట్లకు తగ్గుట గమనించినచో, అసలు చికిత్స వేడిని వెలికి నెట్టుటలో కంటె వేడిని తక్కువగా పుట్టించుటలో జరిగినదని తెలియును.

నేటి కన్సోలులకును ఈ ధర్మములే వర్తించును. ఫ్యాను ఎంతగా తిరిగినను చిప్పును గదిలోని గాలికంటె చల్లగా చేయజాలదు. రోహిణికార్తెలో మన గదులలోని గాలియే కాగిపోవుచుండగా, యంత్రమును టీవీ అలమరలో మూసియుంచుటయు, పరుపుమీదనో తివాచీమీదనో పెట్టుటయు దానికి ఊపిరాడకుండ చేయుటయే. నాలుగు వైపుల ఖాళీ విడిచి, పవర్ సప్లై వెలుపల వేరుగా ఉన్నచో దానిని గట్టి నేలపై ఉంచి, ప్లగ్గు తీసిన తరువాత గాలిరంధ్రములలోని దుమ్మును మెత్తని బ్రష్షుతో తొలగింపవలెను. డబ్బాగాలిని ఊదునపుడు ఫ్యాను రెక్కలను వ్రేలితో నిలిపియుంచుట మేలు. లేనిచో అవి అతివేగముగా తిరిగి బేరింగులు చెడవచ్చును. ఫ్యాను రొద నానాటికి పెరుగుచు, దుమ్ము తీసినను తగ్గనిచో, చిప్పునకును హీట్‌సింకునకును నడుమనున్న థర్మల్ పేస్టు ఎండిపోయి యుండవచ్చును. వారంటీ గడిచిన యంత్రమైనచో, అనుభవజ్ఞుడైన మెకానిక్కుచే పాతదానిని తుడిపించి క్రొత్త పేస్టును పలుచగా పూయించుట తగును.