ముధోల్ కుక్కను ఇంట్లో పెంచాలనుకుంటున్నారా? ముందు ఇది చదవండి

పోయిన వీడియోలో నేను జీవామృతం కలుపుతుంటే వెనకాల బక్కపలచటి కుక్క ఒకటి తిరుగుతూ కనిపించింది కదా. "అన్నా, అది ఏ జాతి? అడవి పందులను తరుముతుందా?" అని చాలామంది అడిగారు. ఈ వీడియో, ఈ వ్యాసం వాళ్ల కోసమే.

అది ముధోల్ హౌండ్. పేరు మెరుపు. మూడేళ్ల ఆడకుక్క, బరువు 22 కిలోలు. ముధోల్ అంటే మన నిర్మల్ జిల్లాలోది అనుకునేరు, ఇది కర్ణాటకలోని బాగల్‌కోట్ జిల్లా ముధోల్. అక్కడి ఘోర్పడే రాజులు ఆదరించిన జాతి ఇది. మహారాష్ట్రలో కారవాన్ హౌండ్ అంటారు. 2005లో తపాలా శాఖ దీని బొమ్మతో స్టాంపు కూడా వేసింది. ముధోల్ దగ్గర తిమ్మాపూర్‌లో కర్ణాటక పశువైద్య విశ్వవిద్యాలయం వారి కుక్కల పరిశోధన కేంద్రం ఉంది. పిల్ల కావాలంటే దళారుల దగ్గరికి పోకముందే అక్కడ అడగండి.

కంటితో వేటాడే కుక్క

చాలా కుక్కలు వాసన పట్టి పోతాయి. ఇది చూపుతో పోతుంది. దూరాన ఏదైనా కదిలితే చాలు, మనం చూసేలోపు అది సగం చేను దాటేస్తుంది. ఒకసారి పరుగు మొదలైతే పిలుపు, ఈల ఏదీ చెవికెక్కదు. అందుకే కంచె ఉన్న చోటే వదలాలి, రోడ్డు పక్కన తాడు తప్పనిసరి. మా కోళ్ల మధ్యే పెరిగింది కాబట్టి వాటి జోలికి పోదు. పక్క చేను కోడి రెక్కలు కొట్టుకుంటూ ఉరికితే మాత్రం నేను హామీ ఇవ్వలేను.

అడవి పందుల మీదికి పంపొచ్చా?

పంపకూడదు. వేరుశనగ వేసిన మా పక్క రైతు, "తమ్మీ, ఒక్క రాత్రి వదులు" అని బతిమాలాడు. ఆయన నష్టం నాకు తెలుసు, రాత్రికి రాత్రే మడి అంతా తవ్వేస్తాయి. అయినా ఒప్పుకోలేదు. ఈ కుక్క చర్మం పల్చన, ఒంటి మీద కొవ్వు ఉండదు. పంది కోర ఒక్కసారి తగిలితే పొట్ట చీలిపోతుంది. పైగా కుక్కలతో వన్యప్రాణులను వేటాడించడం 1972 చట్టం కింద నేరం. ఆయన చేను చుట్టూ ముళ్ల కుసుమ దగ్గర దగ్గరగా వరుసలు వేయడానికి నేను సాయం చేశాను. పందికి అడ్డం కంచె పెట్టాలి గానీ కుక్కను కాదు.

ఇంట్లో ఎలా ఉంటుంది?

తెచ్చిన కొత్తలో నాన్న, "ఇదేం కుక్కరా, బొక్కలు కనబడ్తున్నయ్, తిండి పెడ్తలేవా?" అన్నాడు. చివరి రెండు మూడు పక్కటెముకలు కనబడటం ఈ జాతికి ఆరోగ్యమే. పొద్దున, సాయంత్రం అరగంట ఉరికితే మిగతా రోజంతా పడుకునే ఉంటుంది. అనవసరంగా మొరగదు. మా పాప దాని మీద తల పెట్టి చదువుకుంటుంది. అయితే నిద్రలో ఉన్నప్పుడు తాకొద్దని, ముందు పేరు పెట్టి పిలవమని పాపకు నేర్పించాం. గట్టిగా తిడితే ముడుచుకుపోతుంది, ఓపికగా చెబితే వింటుంది.

జాగ్రత్తలు

- జొన్న సంకటి, మజ్జిగ, గుడ్డు, ఉడికించిన కోడిమాంసం పెడతాం. ఉల్లిపాయ, ఉడికిన ఎముకలు వద్దు. ఛాతీ లోతైన జాతి కాబట్టి తిన్న గంట వరకు ఉరికించొద్దు, కడుపు ఉబ్బి మెలితిరిగే ప్రమాదం ఉంది.
- చలికాలం గోనె సంచి పరుపు, ఒంటికి పాత దుప్పటి కావాలి. ముళ్ల తీగ దగ్గర జాగ్రత్త.
- మత్తు ఇవ్వాల్సి వస్తే ఇది హౌండ్ జాతి అని డాక్టరుకు ముందే చెప్పండి. థయోపెంటోన్ లాంటి మందుల మత్తు వీటికి ఆలస్యంగా దిగుతుంది.
- రేబిస్ టీకా ఏటా తప్పదు.
- గోమార్లకు అగ్నిఅస్త్రం చల్లకండి. అందులో పొగాకు ఉంటుంది, కుక్క నాకితే విషం. డాక్టరు ఇచ్చిన మందే వాడండి.
- ఆవు పేడలాగా కుక్క మలాన్ని జీవామృతంలోకి, కూరగాయల మడుల్లోకి రానివ్వొద్దు. అందులోని నులిపురుగుల గుడ్లు పిల్లలకు సోకుతాయి. దూరంగా గుంత తీసి పూడ్చండి.
- మన చేలో విషం లేకపోయినా పక్క చేలో ఎలుకల మందు ఉండొచ్చు. పెట్టే రోజు చెప్పమని పక్క రైతులను అడగండి.

బోరు షెడ్డు దగ్గర గొలుసుతో కట్టేసే కాపలా కుక్క కావాలంటే ఈ జాతి వద్దు. కట్టేస్తే కండ కరుగుతుంది, బెదురు పెరుగుతుంది, చివరికి కరవడం నేర్చుకుంటుంది. కాపలాకు ఊరి కుక్క పిల్లను సాకండి, అదే మేలు. ముధోల్ 10, 12 ఏళ్లు బతుకుతుంది. అన్నేళ్లూ రోజుకు రెండుసార్లు దానితో పొలం గట్టుకు వచ్చే మనిషి మీ ఇంట్లో ఎవరో ముందు తేల్చుకోండి. ఆ తర్వాతే పిల్లను తెచ్చుకోండి.

మెరుపు పరుగు, తిండి, పడక అన్నీ వీడియోలో చూపించాను, చూడండి.